గంట ముందుకు

భీమవరం సోమేశ్వరస్వామి దర్శనానికని రాజమండ్రిలో ఉదయం ఏడింటి పాసింజరు ఎక్కాను. బస్సుకన్నా ఇదే నయం. టికెట్టు చవక, కిటికీ పక్కన చోటు దొరికితే గోదావరిని తీరిగ్గా చూసుకోవచ్చు.

నిడదవోలులో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ ఒట్టి నీళ్లు. వెళ్లేవాళ్లు ఇంట్లోనే తిని బయల్దేరండి. అక్కడే ముప్పై ఏళ్లావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పేరు సత్యవేణి. పనిచేసే స్కూలు మూతపడిందట. భీమవరంలో ఓ ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఇంటర్వ్యూకి వెళ్తోంది.

"పదకొండుకన్నారండి. రాత్రి గంట ముందుకు జరిపినట్టు మెసేజొచ్చింది. పన్నెండుకే కదాని, ముందు మావుళ్లమ్మవారిని చూసుకుందామని బయల్దేరానండి."

నాకు అనుమానమొచ్చి ఆమె ఫోను తీసుకుని ఆ మెసేజి చూశాను. 'వన్ అవర్ ఎర్లియర్' అని ఉంది.

"పన్నెండు కాదమ్మా, పది!"

"ఎర్లియర్ అంటే ముందే కదండీ?"

పక్కనున్న రొయ్యల చెరువుల రైతు ఆమెనే సమర్థించాడు. "పదకొండు మీదున్న ముల్లుని ముందుకి తిప్పితే ఎటెళ్తుందండీ మాస్టారూ? పన్నెండుకే కదా!"

నేను మాస్టారినీ కాను, ఏమీ కాను. చిర్రెత్తుకొచ్చింది గానీ, ఒక్క క్షణం నాకే తికమకైంది. "ముల్లు సంగతి కాదండీ, ముందుగా రమ్మన్నారు" అన్నాను. సత్యవేణి ముఖం పాలిపోయింది. వెంటనే కాలేజీకి ఫోన్ చేసింది. "అవును మేడమ్, పదికే" అన్నారు అవతల.

అత్తిలి దాటాక సిగ్నలు లేక బండి ఆగిపోయింది. సత్యవేణి మాటిమాటికీ ఫోనులో టైము చూసుకుంటోంది. భీమవరం టౌన్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. "నా బండి స్టేషన్ దగ్గరే ఉందమ్మా, దింపేస్తాను రా" అని రైతు ఆమెను తీసుకెళ్లాడు.

దర్శనం ప్రశాంతంగా అయింది. మెస్సులో గోంగూర పప్పుతో భోజనం బాగుంది. మనసు మాత్రం ఆ కాలేజీ మీదే ఉంది.

సాయంత్రం తిరుగు బండిలో సత్యవేణి మళ్లీ కనిపించింది.

"టైముకి అందుకున్నానండి. బాగానే చెప్పాను. చివర్లో 'విల్ ఇన్‌ఫామ్ యూ లేటర్' అన్నారు." ఫోను చేతిలోకి తీసుకుని అడిగింది. "లేటర్ అంటే ఎప్పుడండీ?"

"తర్వాతమ్మా" అన్నాను. ఎంత తర్వాతో ఆ మాటలో లేదు. పొద్దున చెప్పినంత ధీమాగా ఏదో ఒకటి చెబుదామనుకుని మానుకున్నాను. ఆమెకి ఆ ఉద్యోగం రావాలని, గుళ్లో నాకోసం కోరుకున్నదానికన్నా గట్టిగా కోరుకున్నాను.

ప్రయాణం మొత్తానికి సుఖంగానే సాగింది. వెళ్లదలచినవాళ్లు పాసింజరులోనే వెళ్లండి. సత్యవేణి నిడదవోలులో దిగింది. దిగేదాకా ఆమె ఫోనుని సంచిలో పెట్టలేదు.