పెద్దమామయ్య చువ్వ

ఇనప చువ్వ గుచ్చి చూస్తే తప్ప పెద్దమామయ్యకు దేని మీదా నమ్మకం కుదిరేది కాదు. లోకంలో నాడి పట్టి చెప్పేవాళ్లున్నారు, నుదురు చూసి చెప్పేవాళ్లున్నారు. ఆయన మాత్రం గుచ్చి చెప్పేవాడు. పూలకుండీ కనిపిస్తే గుచ్చుడు, ఇసుక లారీ ఆగితే గుచ్చుడు. ఒకసారి పరుపు కొనడానికి వెళ్లి దుకాణంలోనే గుచ్చేశాడు. ఆ పరుపు ఇప్పటికీ ఇంట్లోనే ఉంది.

అందరి చేలల్లోనూ అడక్కుండానే దిగేవాడు. "జానెడు దిగి ఆగింది. నీ పైరు వేళ్ల గతీ అంతే," అని తీర్పు చెప్పి చక్కాపోయేవాడు.

అలాంటి మనిషి తమ్ముడి కోడలి చేలో మాత్రం చువ్వ దించకుండా సాకులు వెతికాడు.

ఆ కోడలు మూడేళ్లుగా చేను దున్నడం మానేసింది. కోసిన పైరు మోళ్లను అలాగే ఉంచి, గడ్డి కప్పి, సందుల్లో విత్తనం వేస్తోంది. మొదటి ఏడాది నేల బిగుసుకుంది, దిగుబడి తగ్గింది. మామగారు గడువు పెట్టాడు: "మొత్తం మూడేళ్లలో నేల గుల్లబారితే నీ ఇష్టం. లేదంటే ట్రాక్టరు దిగుతుంది. అన్నయ్య చువ్వ ఎంత చెబితే అంత."

గడువు మండువేసవిలో ముగిసింది.

"అన్నయ్యా, ఇవాళ చూసేద్దామా?"

"నడుం పట్టేసిందిరా."

"పొద్దున పక్కింటి కూరగాయల మడి గుచ్చొచ్చావుగా?"

"అందుకే పట్టేసింది."

వారం పోయాక మోకాలు. ఆ తరవాత చువ్వకు తుప్పు. కోడలికి నిద్ర పట్టడం మానేసింది. చేను గట్టిగా ఉందని తెలిసే, మొహం మీద చెప్పలేక తప్పించుకుంటున్నాడనుకుంది. మామగారు ట్రాక్టరు వాడికి కబురు కూడా పెట్టేశాడు.

వానలు పడ్డాయి. నేల లోపలిదాకా తడిసి, పైన బురద ఆరిన రోజు పెద్దమామయ్య చువ్వ భుజాన వేసుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"పదరా! ఇవాళ నడుం బాగుంది."

ముందు తమ్ముణ్ణి, ఏటా దున్నించే అతని చేలోకే లాక్కెళ్లాడు. "నువ్వే గుచ్చు." చువ్వ వెన్నలోకి దిగినట్టు దిగి, జానెడు లోతున టక్కున ఆగింది.

"రాయేమో అన్నయ్యా."

"ఇటు గుచ్చు. ఇక్కడా రాయేనా? నాగలి ఏటా అక్కడిదాకే పోతుంది. దాని కింద, పైనుంచి చక్రాల బరువు పడీ పడీ నేల అట్టకట్టింది."

తరవాత కోడలి చేను. పైన చువ్వ కాస్త మొరాయించింది. ఆమె కళ్లు మూసుకుంది. చువ్వ మెల్లగా కదిలింది. చివికిన పాత వేళ్ల దారులూ, వానపాముల బొరియలూ పట్టుకుని మోచేతి లోతు దాటి ఇంకా దిగుతూనే పోయింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు తిప్పావు అన్నయ్యా?"

"ఎండల్లో ఏ నేలైనా బండేరా. అప్పుడు గుచ్చితే మర్నాడే ట్రాక్టరు దింపేవాడివి. ఈ అమ్మాయి మూడేళ్ల కష్టం ఒక్కపూటలో మట్టిపాలయ్యేది."

"నాతో చెప్పుంటే కంటినిండా నిద్రపోయేదాన్ని కదా పెద్దమామయ్యా!" అంది కోడలు.

"నువ్వు నిద్రపోతే వీడికి అనుమానం రాదూ?"

మామగారు ట్రాక్టరు వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. చువ్వ మాత్రం పైకి రానంది. అన్నదమ్ములిద్దరూ పట్టి లాగారు, కోడలూ చెయ్యి వేసింది. ఒక్కసారిగా ఊడొచ్చేసరికి మామగారు వెల్లకిలా పడ్డాడు.

"ఒరేయ్, కదలకు!" అంటూ పెద్దమామయ్య పరుగెత్తాడు.

"దెబ్బేం తగల్లేదులే అన్నయ్యా."

"నిన్నెవడడిగాడు? దొర్లకుండా లే! నేల ఇంకా చెమ్మగా ఉంది, అణిగిపోతుంది!"