ఒక్కచోటే మోగిన గంట

మా బావ ప్రాణం నేను కాపాడానని మా రెండిళ్లలోనూ అనుకుంటారు. ఇన్నేళ్లూ నేను కాదనలేదు. జరిగింది అది కాదు.

తొంభైల్లో ఒక డిసెంబరు. బావ అంటే మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. కొత్తపేట నుంచి రాజోలు మీదుగా అంతర్వేదికి సైకిళ్ల మీద వెళ్లి, సముద్రపొడ్డున ఒక రాత్రి పడుకుని రావాలని సరదా పడ్డాం. క్యారేజీలకి టార్పాలిన్, బియ్యం, గిన్నె కట్టుకుని తొక్కాం. సాయంత్రానికి సరుగుడు తోటలో గుడారం వేశాం. తోట బయట టీకొట్టు ముసలావిడ వంటకి నీళ్లిస్తూ మా సైకిళ్లకేసి చూసింది.

"పొద్దున్నే మంచు దట్టంగా పడతాదండి. గంట కొట్టుకుంటా ఎల్లండి. కదిలే గంటైతే మనిషండి. ఒక్కచోటే మోగితే మటుకు దగ్గిరికెల్లకండి బాబూ."

"మావాడు ఇప్పట్నించే వణుకుతున్నాడండి" అన్నాడు బావ.

"ఆయ్, నవ్వండి" అంది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఆ రాత్రి సరుగుడు హోరుకి నేను నిజంగానే బావ చెయ్యి పట్టుకుని పడుకున్నాను.

తెల్లవారి బయల్దేరేసరికి నా ముందు చక్రం నాకే కనపడటం లేదు. నేను ముందు, బావ వెనక. నేను రెండుసార్లు గంట కొడితే బావ ఒకసారి కొట్టాలని ఒప్పందం. బావ గంట పగిలింది, గొంతు బొంగురుపోయినట్టు మోగేది.

"ఒరేయ్ బామ్మర్దీ, రాత్రి సంగతి చెల్లికి చెప్పేస్తున్నా. ఈ పిరికోడు నాకొద్దంటుంది."

ఆ అమ్మాయికీ నాకూ పెళ్లి మాటలు నడుస్తున్న రోజులవి. నాకు ఒళ్లు మండింది. బావని కూడా భయపెట్టాలని దిగి, కాలవగట్టు వారగా సైకిలు పట్టుకుని నిలబడ్డాను. గంట కొట్టలేదు. బావ గంట నా పక్కనుంచే వెళ్లింది, మనిషి కనపడలేదు.

"ఒరేయ్, ఉన్నావా?"

పలకలేదు. కాస్త దూరం పోయి గంట ఆగింది. తరవాత మళ్లీ మొదలైంది. రోడ్డు మీద కాదు, కిందనుంచి, నీళ్ల వైపు నుంచి. దగ్గరికి రాలేదు, దూరమూ పోలేదు. ఒక్కచోటే మోగింది.

అది బావ గంటేనని నాకు తెలుసు. ఆ బొంగురు ఇంకే గంటకీ లేదు. అయినా కాళ్లు అటు కదల్లేదు. సైకిలు తిప్పి టీకొట్టుకి పారిపోయాను. చాలాసేపటి దాకా అది నా వెనక వినపడుతూనే ఉంది.

మంచు పలచబడ్డాక కొట్టు దగ్గరి మనుషులిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాను. అప్పటికి గంట ఆగిపోయింది. మలుపు దగ్గర, కాలవలో, నడుందాకా నీళ్లలో ఉన్నాడు బావ. కాలు సైకిలు కింద విరిగింది. హేండిల్ గుండెకి గుద్దుకుని మాట రాలేదు. బొటనవేలు గంట మీదే ఉంది.

"నా గంట విని మనుషుల్ని తెచ్చేడు" అని ఇంట్లో చెప్పాడు. ఆ మాట మీదే మా పెళ్లి ఖాయమైంది.

ఆ కాలు బావకి మళ్లీ సరిగా రాలేదు, ఇప్పుడు మంచం దిగడమే కష్టం. ఆ గంట మంచం కోడుకి కట్టించుకున్నాడు. నిన్న వాళ్లింట్లో ముందుగదిలో కూర్చుని ఇది రాస్తూంటే లోపల మోగింది.

"వెళ్లండీ, అన్నయ్య పిలుస్తున్నాడు. ఆ గంట మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది!" అంది మా ఆవిడ.

అంతవరకూ రాసిన కాగితాలు ఆవిడ చేతిలో పెట్టి, గంట మోగే వైపు నడిచాను.