తొలివానను నమ్మిన గుట్ట

నా చిన్నప్పుడు గడ్డికి బుద్ధి ఉండదనుకునేవాణ్ణి. లేనిది నాకేనని తెలియడానికి ఒక్క వాన చాలింది. ఉట్నూర్ దగ్గర మా ఊరి వెనక గుట్టంతా గడ్డిబీడే. ఆ ఏడు మృగశిరకు చాలా ముందే ఒక వాన పడి, నాలుగు రోజుల్లో గుట్ట పచ్చబడింది. ఇక పశువులకు కరువు తీరిందనుకుని, ఇంట్లో ఎవరూ లేని పూట, మిగిలిన జొన్నచొప్పనంతా వాడకట్టులో పంచేశాను. పంచి, పెద్ద దాతలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను కూడా.

ఆ తర్వాత ఇరవై రోజులు చుక్క రాలలేదు. మొలకలన్నీ మాడిపోయాయి. కొత్తగా ఈనిన మా ఆవు ఖాళీ గాడిని నాకుతుంటే, దూడకు పాలు చాలక డొక్కలు తేలాయి. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు గడ్డి పెట్టినా బాగుండేది. ఇంట్లో గడ్డి ఉంటే కదా!

పక్కింటి అక్క ఆ గుట్ట మీద గడ్డి కోసి, మోపులు అమ్ముకుని బతికేది. తన చొప్పలోంచి రెండు కట్టలు తెచ్చి మా ఆవు ముందు వేసింది.

“ఏం తమ్మీ, మొగులు జర తొంగి సూస్తెనే అంత సంబురపడ్తివా?”

“గుట్ట సచ్చిపోయిందక్కా,” అని ఏడ్చాను.

“గుట్ట సావలే. నీ అసొంటియి సచ్చినయ్. తెలివైనయి ఇంక పండుకునే ఉన్నయ్.”

పగిలిన మూకుడులో గుట్టమన్ను పోసి, నీళ్లు చల్లమంది. మొలకలు వచ్చాయి. ఇక నీళ్లు ఆపమంది. నా కళ్ల ముందే ఎండిపోయాయి. మళ్లీ చల్లించింది. అదే మన్నులోంచి వేరే ఆకువి లేచాయి. అవీ ఎండాక మూడోసారి చల్లిస్తే, ఇంకో రకం తలెత్తాయి.

“గింజలన్నీ ఒక్కపారే లేస్తయారా? కొన్ని ఎనకకు ఉంటయ్. గందుకే గుట్ట బతుకుతది.”

అన్నట్టుగానే అసలు వానలకు రోషగడ్డి, బోద, గరిక అన్నీ లేచాయి. దూడ బతికింది.

ఆ తర్వాత నేను ముప్పై ఏళ్లు బెల్లంపల్లి గనుల్లో బొగ్గు తవ్వాను. కాబట్టి బొగ్గు పొగకు ఎండలు ముదిరాయని ఫిర్యాదు చేసే ముఖం నాకు లేదు, ఉన్నదీ నల్లబడింది. రిటైరై ఊరికి వచ్చేసరికి వానలు వరస తప్పాయి. ఎండాకాలంలోనే నాలుగుసార్లు వచ్చి ఆశపెట్టి పోతాయి. పిలిచినప్పుడల్లా కొన్ని గింజలు లేస్తాయి, మాడుతాయి. తర్వాత నెల రోజుల వాన ఒక్క పూటలో పడి, మన్నునే ఈడ్చుకుపోతుంది. వెనక్కి ఉండే గింజలకు వెనక్కి ఉండే చోటు లేదు. రోషగడ్డి వాసన పోయింది. గుట్టంతా వయ్యారిభామ కలుపే. పేరులోనే వయ్యారం, పశువు మూతి పెట్టదు.

మూకుడులో మళ్లీ మన్ను పోసి చూశాను. మొదటిసారి వయ్యారిభామ లేచింది. రెండోసారీ అదే. మూడోసారి మట్టి తడిసింది, అంతే.

అక్కకు ఇప్పుడు చూపు లేదు. గుట్ట సంగతి అడిగితే నిజమే చెప్పాను. మంచం కింద తడిమి ఒక గుడ్డమూట తీసింది. ఎప్పుడో దులిపి దాచిన రోషగడ్డి, బోద గింజలు. “గివ్వే మిగిలినయ్. జీవమున్నదో లేదో నాకెరుక లేదు. ఫికర్ జెయ్యకు, తొందరపడకు,” అంది.

ఈ ఏడు కూడా తొలివాన ముందే వచ్చింది. రేకుల మీద దరువేసి మరీ పిలిచింది. చేతులు దురద పెట్టాయి. మూట ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని గడపలో కూర్చున్నాను. ఒక్క గింజ వేయలేదు. రెండు రోజులు బతిమాలి వాన వెళ్లిపోయింది, వెనకే ఎండ వచ్చింది. అసలు వాన వస్తుందో రాదో, వస్తే గుర్తుపడతానో లేదో తెలియదు. కానీ ఆ ఎండకు మా ఇంటి నుంచి మాడ్చడానికి ఏమీ దొరకలేదు.