మానిటర్లు ఆపేసి చేసిన పరీక్ష

2024 ఎండాకాలం. తిరుపతిలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నాది. చిత్తూరు దగ్గర చూపులేని పిల్లల బడి నుంచి పిలుపొచ్చింది. అక్కడి ఎనిమిది పాత కంప్యూటర్లకు లినక్స్ వేయాలి. లినక్స్ అంటే ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని ఒక్కో బృందం ఒక్కో రకంగా కూర్చి ఇస్తుంది. అలా కూర్చినవాటిని డిస్ట్రోలు అంటాం. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా వాటిలోనే ఉంటుంది.

అక్కడ కంప్యూటర్ టీచర్ రెడ్డెమ్మ. ఆమెకూ చూపు లేదు. అందుకని క్లాసులో చూపున్న మనిషి ఒకరు పక్కన ఉండాల్సిందేనని బడివాళ్ల పట్టు.

"సోమారం హెడ్‌మాస్టరు వచ్చి సూస్తాడంటన్నా. నేనొక్కదాన్నే క్లాసు నడిపితే ల్యాబు నాకే ఇస్తారు. లేదంటే ఇంకో టీచర్ని పెట్టి, నన్ను మళ్లా పాటల క్లాసుకు పంపిస్తారు" అని చెప్పింది.

నాకూ, నాతో పనిచేసే మునిరత్నానికీ ఆ వారమంతా వాదనే. ఒక డిస్ట్రో కొత్త వెర్షన్ అప్పుడే విడుదలైంది. దాంట్లో స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు చాలా స్పష్టంగా ఉంది. అదే వేద్దామని నేను పట్టుబట్టాను.

"విడుదలైనంత మాత్రాన సిద్ధమైనట్టు కాదబ్బా. తప్పులు దిద్దిన తొలి సవరణ రానీ. పాతది రెండేండ్లుగా నిలిచిండాది" అన్నాడు మునిరత్నం.

"నీ మాట వింటే ఇంకా క్యాసెట్లే తిప్పుకుంటూ కూర్చోవాల" అన్నాను. షాపు నాది కాబట్టి నా మాటే నెగ్గింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున ఇద్దరం బడికి పోయాం. ఎనిమిది కంప్యూటర్లకూ కొత్తదే వేశాను. సౌండు, ప్రింటరు, తెలుగు టైపింగు, అన్నీ చూసి కాగితం మీద టిక్కులు పెట్టాను. మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టడం విసుగు కాబట్టి పని అయ్యేదాకా ఆటో లాగిన్ పెట్టుకున్నాను. అంటే పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకునే ఏర్పాటు. చివర్లో తీసేశాను. మా పనిలో అందరూ చేసేదే ఇది.

రెడ్డెమ్మ వచ్చి కూర్చుంది. స్విచ్ వేసి, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఆగింది. కాసేపటికి అడిగింది.

"ఏమన్నా, ఇంకా రాలేదా?"

"వచ్చింది కదమ్మా. పాస్‌వర్డ్ కొట్టండి."

"వచ్చినట్టు నాకెట్ల తెలిసేదన్నా?"

నాకు తల తీసేసినట్టయింది. పాస్‌వర్డ్ అడిగే తెర నా కళ్ల ముందు చక్కగా వెలుగుతోంది, మాట మాత్రం లేదు. ఆటో లాగిన్ వల్ల పొద్దుటి పరీక్షల్లో ఆ తెర నాకు ఎదురే పడలేదు. సెట్టింగుల్లోకి పోయి ఆ తెరకు కూడా గొంతు పెట్టాను. పలికింది. ఆపి మళ్లీ వేస్తే మూగబోయింది. మూడుసార్లు అదే వరస. తప్పు కొత్త వెర్షన్‌లోనే ఉంది. మునిరత్నం పక్కకొచ్చాడు. జేబులోంచి పాత వెర్షన్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రానికల్లా అన్ని కంప్యూటర్లకూ పాతది వేశాం. ఈసారి మానిటర్లన్నీ ఆపేసి, మేము వెనక నిలబడి, పరీక్ష రెడ్డెమ్మనే చేయమన్నాం. నాలుగో కంప్యూటర్‌లో సౌండు దానంతటదే తగ్గిపోతోందని ఆమే పట్టుకుంది. దాన్నీ సరిచేశాం.

"గొంతు గరగరలాడుతోందమ్మా" అని నొచ్చుకున్నాను.

"పలికితే సాలన్నా. దాంతో నేనేమన్నా పాటలు పాడించాల్నా?" అని నవ్వింది.

సోమవారం మేమూ పోయాం. హెడ్‌మాస్టరు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. మానిటర్లు నల్లగా ఉన్నాయి.

"ఏం రెడ్డెమ్మా, కరెంటు లేదా?"

"ఉండాది సార్. క్లాసు జరగతా ఉండాది."

అప్పుడు చూశాడు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని టకటకా కొడుతున్న పిల్లల్ని. ఒక పిల్ల దగ్గర హెడ్‌ఫోను అడిగి తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. మరుసటి రోజు ల్యాబు తాళంచెవి రెడ్డెమ్మ చేతికొచ్చింది.

సిద్ధంగా ఉందా లేదా అని వారం రోజులు గొంతు చించుకున్నాం కానీ, ఎవరికి సిద్ధంగా ఉండాలో మా ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. పాస్‌వర్డ్ తెర మూగబోయే తప్పు గురించి డిస్ట్రో తయారుచేసినవాళ్లకు రెడ్డెమ్మే రాసింది. కొన్ని నెలలకు తొలి సవరణ వచ్చింది. ఒక కంప్యూటర్‌లో వేసిచ్చి వచ్చాను. వారం తర్వాత ఫోన్ చేసింది.

"అన్నా, పాస్‌వర్డ్ కాడ కూడా పలకతా ఉండాది. మిగతావాటికీ ఏద్దామంటావా?"

"అది మీరు చెప్పాలమ్మా" అన్నాను.