చివరగా తాకిన చెయ్యి

ఈ ఉదయం ఎదురింటాయన కారు తాళం తిప్పుతుంటే మా వంటింట్లోకి వినిపించింది: టక్. మళ్ళీ టక్. ఆ తర్వాత ఆగకుండా పదిసార్లు. నా పళ్ళు జివ్వుమన్నాయి. "ఒకసారి తిప్పింది చాలు, దిగండి!" అని కిటికీలోంచి అరవబోయి ఊరుకున్నాను. ఆ మాట నాది కాదు, మునిరత్నం మామది. తిరువళ్ళూరుకు రాకముందు మేం తిరుత్తణిలో ఆయన ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్ళం. బస్సు డిపోలో జీవితమంతా ఇంజన్లు విప్పి, బిగించి రిటైరైన మనిషి. ఆయన నన్ను విసిగించినంతగా మా అత్తగారు కూడా విసిగించలేదు.

మా కారు నా పెళ్ళి కంటే పాతది. మావారు వారమంతా గుమ్మిడిపూండి ఫ్యాక్టరీ దగ్గరే ఉండి సెలవులకు వచ్చేవారు కాబట్టి పాపా, కారూ రెండూ నా పాలబడ్డాయి. అది మొదటిసారి మొరాయించినప్పుడు మామను పిలిచాను. ఇంకొకరైతే ముందు బానెట్ ఎత్తుతారు. ఈయన మెట్టు మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాయడం మొదలుపెట్టాడు.

"ఏం జరిగింది, చెప్పు."

"బ్యాటరీ పోయింది మామా."

"జబ్బు పేరు నేనడగలా. జరిగింది చెప్పు. తాళం తిప్పితే ఏం వినపడింది?"

"ఏదో శబ్దం."

"ఏదో అంటే? దగ్గినట్టా, గొంతు పట్టేసినట్టా?"

డిగ్రీ చదివినదాన్ని, ఒకటో క్లాసు పిల్లలా నిలబెట్టేశాడు. లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు. తాళం తిప్పినప్పుడు లైటు మసకబారిందా, మొత్తంగా ఆరిపోయిందా అని మళ్ళీ మళ్ళీ చూసి చెప్పమన్నాడు. అరగంటకు తేలిందేమిటంటే, నిజంగానే బ్యాటరీ అయిపోయింది.

"నేను ముందే చెప్పినాను కదా మామా!"

"చెప్పినావు. కానీ నీకు తెలీదు" అన్నాడు. ఆ రోజు రాత్రి మావారితో ఫోన్లో ఇల్లు మారిపోదామని చెప్పాను.

పాపకు పదో నెలలో వచ్చింది అసలు పరీక్ష. ఆయుధపూజ మర్నాడు. మావారు తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోయారు. మూడు రోజుల జ్వరంతో ఉన్న పాపకు ఆ పొద్దున ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. తిరుత్తణిలో నాకు తెలిసిన క్లినిక్కులు పండగకు మూసేశారు. పుట్టినప్పటినుంచీ తనను చూస్తున్న డాక్టరమ్మ తిరువళ్ళూరులో ఉంది. ఫోన్ చేస్తే పన్నెండులోపు రమ్మంది, ఆ తర్వాత ఆవిడా ఊరెళ్తోంది. అప్పటికే పదింబావు. స్టాండులో ఒక్క ఆటో లేదు. పాపను వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పాను. టక్. అంతే.

ఎన్నిసార్లు తిప్పానో గుర్తులేదు. కిందనుంచి మామ వచ్చి కిటికీ తట్టాడు. "చాలమ్మా. దిగు."

"మామా, ఈరోజు మీ ప్రశ్నలు వద్దు. పాప ఊపిరి చూడండి!"

చూశాడు. చూసి భార్యను పిలిచి పాపను ఎత్తుకోమన్నాడు. నావైపు తిరిగి, మళ్ళీ అదే గొంతుతో, "లైట్లు?" అన్నాడు.

"బాగా వెలుగుతున్నాయి. తిప్పితే మొత్తం ఆరిపోతున్నాయి. హారన్ బాగానే ఉంది."

"సరి. కడాసిగా దీన్ని ముట్టింది ఎవురు?"

"చివరగానా? ఎవరూ ముట్టలేదు. నిన్న పూజ చేసినాం, అంతే."

"చేతుల్లేకుండా చేసినారా పూజ?"

ఆ క్షణంలో ఆ మనిషిని కొట్టాలనిపించింది. కానీ నోరు తెరిచేలోపే నా మొహం మారిపోయి ఉంటుంది. ముందురోజు మావారు బ్యాటరీ తీగల క్లాంపులు విప్పి శుభ్రం చేశారు. గంధం గిన్నెతో స్టీరింగుకూ, టైర్లకూ బొట్లు పెట్టుకుంటూ వచ్చిన నేను, బ్యాటరీ మీద బోడిగా కనిపించిన రెండు సీసపు మొలకలకూ దట్టంగా గంధం పూసి కుంకుమ అద్దాను. ఆయన వాటిమీదే క్లాంపులు తొడిగేశారు. పాప నిద్ర లేస్తుందని ఇంజన్ వేయకుండా, కారును తోసి నిమ్మకాయలు తొక్కించాం.

అది చెప్పగానే మామ క్లాంపు లాగాడు. లోపల గంధం పెళుసుగా ఎండిపోయి ఉంది. గోటితో గీకి నాకు చూపించాడు. "కరెంటు పొయ్యే దోవలో గోడ కట్టినావు. సామి బ్యాటరీకి బొట్టు పెట్టమని అడిగినాడా?" అంతే అన్నాడు. వేడినీళ్ళు, రుద్దడానికి గరుకు ఉప్పుకాగితం, స్పానర్, పది నిమిషాలు. తాళం తిప్పగానే ఇంజన్ పలికింది. నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడుస్తుంటే, పాపను ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్న మామ, "ఏడుపు డాక్టరమ్మ దగ్గర ఏడుద్దువు, గేరు వెయ్" అన్నాడు.

పన్నెండుకు పది నిమిషాల ముందు చేరాం. డాక్టరమ్మ పాపకు ఆవిరి మందు పట్టించి, ఇంకో ఆసుపత్రికి చీటీ రాసి మమ్మల్ని అక్కడ చేర్పించింది. నాలుగో రోజుకు పాప పాలు తాగింది. చేర్పించిన రోజు సాయంత్రమే వచ్చిన మావారు కారుకేమైందని అడిగితే మామ, "కనెక్షన్ లూజు" అని ఊరుకున్నాడు. నావైపు చూడను కూడా లేదు. ఆయన నన్ను కాపాడిన విషయాల్లో అదీ ఒకటి.

పోయిన ఏడాది మామ పోయాడు. ఇప్పుడు పాపకు మూడేళ్ళు. నా భయాలు ఏమీ తగ్గలేదు. పోయిన వారం పాప ఎక్కడ నొప్పో చెప్పకుండా మధ్యాహ్నం గంటసేపు గుక్కపట్టి ఏడిస్తే అమ్మకు ఫోన్ చేశాను, మావారికి చేశాను, ఫోన్లో నానా జబ్బుల పేర్లూ వెతికాను. చివరికి, ఎంత వద్దనుకున్నా, కడాసిగా ముట్టింది ఎవరని నన్ను నేనే అడగాల్సి వచ్చింది. పొద్దున స్నానం చేయించి కొత్త మొలతాడు కట్టింది నేనే. గౌను ఎత్తి చూస్తే నడుం చుట్టూ ఎర్రటి గీత. కత్తెరతో తాడు తెంపగానే వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయింది.

ఆ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాలుగింట మూడుసార్లు జవాబు నేనే మరి. అయినా అడుగుతాను. అడిగి, మామ లాగే, పెద్దగా తిట్టకుండా ఉప్పుకాగితం వెతుక్కుంటాను.