మిరప కల్లంలో తీతువు లైవ్

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, మార్చి నెలలో, అద్దంకి దగ్గర ఒక మిరప కల్లానికి నన్ను ఓ.బి. డ్యూటీ మీద పంపారు. ఓ.బి. అంటే స్టూడియో గడప దాటి, సంగతి ఎక్కడ జరుగుతుంటే అక్కడి నుంచే నేరుగా ప్రసారం చేయడం. సగం సర్వీసు అడవుల్లో వన్యప్రాణి జీవశాస్త్రవేత్తగా తిరిగాను, మిగతా సగం రేడియోలో పిట్టల గురించీ పురుగుల గురించీ మాట్లాడాను. నా వారపు కార్యక్రమం మీద మా స్టేషన్ డైరెక్టరుగారికి ఎప్పటినుంచో కన్ను. ఆ వేళకు సినిమా పాటలు వేస్తే శ్రోతలు పెరుగుతారని ఆయన నమ్మకం. "ఒక్క లైవ్ చేసి చూపించండి మేడం. బాగుంటే మీ కార్యక్రమం ఉంటుంది, లేకపోతే పాటలు వేసుకుందాం" అని తేల్చేశారు.

ఆ విధంగా నా కార్యక్రమం బతుకు నాలుగు తీతువు గుడ్ల మీద పడింది. తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంట చేసి, మట్టిరంగు గుడ్లు పెట్టేసి, దగ్గరికొచ్చిన వాళ్లందరినీ తిట్టిపోస్తుంది. ఈ తీతువుకు ఊరంతా వదిలేసి సుబ్బారావుగారి కల్లం నచ్చింది, అదీ కాయలు ఆరబోసే చోటే. ఆయన గుడ్ల చుట్టూ చాపంత నేల వదిలేసి మిగతా చోట కాయలు పోసుకుంటున్నారు. తీతువు కూత మంచిది కాదంటారు కదా అని అడిగాను. "కూస్తే కూసిందిలెండి. నా కల్లంలో పురుడు పోసుకుంటానని వస్తే వెళ్లగొట్టేదెట్టా?" అన్నారు.

ప్రసారానికి ముందురోజు గుడ్ల మీద నక్షత్రాల్లా పగుళ్లు కనిపించాయి. వంగి చెవి పెడితే పెంకు లోపలి నుంచే పిల్లలు కీచుమంటున్నాయి. సంతోషంతో నాకు కాలు నిలవలేదు. ఆ పిలుపు లైవ్‌లో వినిపించగలిగితే డైరెక్టరుగారి పాటల సంగతి తర్వాత చూసుకోవచ్చు. సుబ్బారావుగారినీ, ఆయన భార్య అనసూయమ్మగారినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. గుడ్లు ముట్టకూడదు, కుక్కను వదలకూడదు, కాయలు గుడ్ల మీదికి జరగకూడదు. అన్నిటికీ ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

మర్నాడు పొద్దున మా వ్యాను దిగి చూద్దును కదా, గుడ్ల చుట్టూ అంత పెద్ద ముగ్గు! పద్మాలు, మెలికలు, నాలుగు మూలలా బంతిపూలు. మధ్యలో నాలుగు గుడ్లు. తీతువు దూరంగా గట్టు మీద నిలబడి అరిచి గోల చేస్తోంది.

అనసూయమ్మగారు పట్టుచీరలో ఎదురొచ్చారు. "గుడ్లు ముట్టలేదమ్మా, ఒట్టు. ఇంతమందికి రేడియోలో చూపిస్తారాయె, ముగ్గు లేకుండా ఎట్టా?" అన్నారు. రేడియోలో ముగ్గు కనపడదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా అది సుద్దపొడి కాదు, చీమలకు పెట్టినట్టూ ఉంటుందని వేసిన మేలైన బియ్యప్పిండి. పుణ్యం ఆవిడకు దక్కింది, చీమలు నాకు దక్కాయి. ఎర్ర చీమలు పద్మాల వెంట బారులు తీరి పగిలిన గుడ్ల వైపు నడుస్తున్నాయి. పగులులోంచి దూరితే పిల్ల బయటికి రాకముందే తినేస్తాయి. ప్రసారం చూస్తే దగ్గర పడింది.

నీళ్లు చల్లబోతే సుబ్బారావుగారు "అమ్మో, కాయ తడిస్తే నల్లబడుద్దండీ!" అని అడ్డం పడ్డారు. అప్పుడు నాకు నా చదువు గుర్తొచ్చింది. మిరప ఘాటు మనలాంటి పాలిచ్చే జంతువులకే. పక్షి నరాలకు ఆ మంట తెలియదు, అందుకే చిలక మిరపకాయను జాంపండులా నములుతుంది. చీమలకు మాత్రం కారం గిట్టదు. సౌండ్ ఇంజినీరు ప్రసాద్ తన పరికరాలు తుడిచే మెత్తటి బ్రష్షుతో పిండినీ చీమలనూ ఊడ్చాడు. చుట్టూ గీత గీయడానికి గుప్పెడు కారం కావాలన్నాను. అనసూయమ్మగారి చేతికి గుప్పెడంటే బుట్టెడని నాకేం తెలుసు? గుడ్లకు జానెడు ఎడంగా ఆవిడ కారంతో గట్టే కట్టేశారు.

చీమలు వెనక్కి తిరిగాయి. గుడ్ల పక్కన ఒక మైకు పెట్టి, మేము కాయల మీద కప్పే పట్టా చాటున నక్కాం. తీతువు వచ్చింది, పొడుగు కాళ్లతో ఆ కారం గట్టును తాపీగా దాటి గుడ్ల మీద కూర్చుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

స్టేషన్ నుంచి క్యూ వచ్చింది, అంటే ఇక మాట్లాడమని సైగ. అదే క్షణాన గాలి లేచింది. "శ్రోతలకు నమస్..." అని తుమ్మాను. "చిరంజీవ!" అన్నారు వెనక నుంచి అనసూయమ్మగారు. మళ్లీ తుమ్మాను. మళ్లీ "చిరంజీవ!" ప్రసాద్ తుమ్మాడు, వాడికీ ఒకటి. సుబ్బారావుగారు పాత ట్రాక్టరు స్టార్టయినట్టు తుమ్మారు. భర్తను చిరంజీవ అనలేక ఆవిడ "శ్రీరామరక్ష!" అన్నారు. ఊరుకోమని ఎంత సైగ చేసినా, తుమ్మితే దీవించకుండా ఉండడం ఆవిడ వల్ల కాదు. నాకు ఒక పక్క తుమ్ము, ఒక పక్క నవ్వు, కళ్లలో ధారలు. తీతువు మాత్రం కదల్లేదు. కూలీల తుమ్ములు అది రోజూ వినేవే.

మైకు ముందు ఎవరూ మాట్లాడకపోతే దాన్ని డెడ్ ఎయిర్ అంటారు. మా వృత్తిలో అంతకు మించిన తప్పు లేదు. నేను మాట్లాడే స్థితిలో లేనని చూసి ప్రసాద్ గుడ్ల పక్కనున్న మైకు ధ్వని పెంచాడు. తీతువు లేచి నిలబడింది. ఒక పెంకు టప్పున విడిపోయింది. తడిసిన పిల్ల తల బయటపెట్టి "కీచ్" అంది. సరిగ్గా అప్పుడే నేను మళ్లీ తుమ్మాను, అనసూయమ్మగారు గొంతెత్తి "చిరంజీవ! నూరేళ్లు!" అన్నారు.

ఇంట్లో వింటున్న వాళ్లెవరికీ అది నాకు దక్కిన దీవెన అనిపించలేదు. ప్రసారం ముగియగానే డైరెక్టరుగారు ఫోన్ చేశారు. తిట్లకు సిద్ధపడి ఎత్తాను. "పిల్లను దీవించినావిడ ఎవరండీ? వచ్చే వారం కూడా ఉంటారా?" అన్నారు. నా కార్యక్రమం నేను రిటైర్ అయ్యేదాకా నడిచింది. నాలుగు పిల్లలూ సాయంత్రానికల్లా తల్లి వెంట పత్తి చేలోకి నడిచిపోయాయి.

ఆ లైవ్ నాకు నేర్పింది ఒకటే. మన రైతు ఇళ్లకు పని మీద వెళ్లినప్పుడు ఏం చేయకూడదో చెబితే చాలదు, చేయడానికి ఒక పని కూడా అప్పజెప్పాలి. ఊరికే ఉండమంటే ఇంటికొచ్చిన వాళ్లకు ఏదో ఒకటి చేయకుండా వాళ్లు ఉండలేరు. ఆ తర్వాత ఏ గూటి దగ్గర లైవ్ పెట్టినా ముందు ఇంటావిడను పిలిచి, "పిల్ల బయటికి రాగానే చిరంజీవ అనే డ్యూటీ మీదండీ" అని చెప్పేదాన్ని. ఒక్కరూ ముగ్గు వేయలేదు.