హయాత్ బాషా పందెం పన్ను

హయాత్ బాషాకు ఉన్నది ఒకటే పిచ్చి. ఎవరు ఎక్కడ పందెం కాసినా పాలపొడి డబ్బా పట్టుకుని ప్రత్యక్షమై, దాని మీద పన్ను వసూలు చేసేవాడు.

దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో మా సిమెంటు ఇటుకల కంపెనీ క్యాంపుకు ఆయన వంటవాడు. నేను టైమ్‌కీపర్‌ని, అంటే ఎవరు ఆలస్యంగా వచ్చారో రాసుకుని అందరి ప్రేమాభిమానాలూ సంపాదించుకునే ఉద్యోగం. ఇది రెండువేల ఐదు ప్రాంతం మాట. బాషాది రాయచోటి. పుట్టి బుద్ధెరిగి పేకముక్క ముట్టలేదు. జూదం హరామనేవాడు. ఆ డబ్బుతో కొన్న చాయ్ కూడా తాగేవాడు కాదు. మరి పన్నెందుకయ్యా అంటే తయారుగా జవాబుండేది.

"మన దేశంలో సారా మీద సర్కారు పన్ను ఎయ్యలేదా? ఎయ్యాలంటే సర్కారు తాగాల్నా?"

సర్కారు తాగుతుందో లేదో నాకు ఖచ్చితంగా తెలియదు కనుక నోరు మూసుకునేవాణ్ణి.

శుక్రవారం సెలవు. రమ్మీ ఆడేవాళ్ళు తలుపు గడియ పెట్టుకుని, కిటికీకి దుప్పటి కట్టుకుని, గుసగుసగా ముక్కలు పంచుకునేవారు. మొదటి ఆట ముగిసేసరికి తలుపు అవతల డబ్బా గలగలలాడేది.

"ఎవురు గెలిచినారప్పా?"

"ఎవరూ గెలవలేదు భాయ్. ఊరికే కూర్చున్నాం."

"అయితే అందరూ ఓడినట్టే. ఓడినోళ్ళకు గూడా పన్నుంది. తియ్యండి."

వంటవాడి పన్ను ఎవరు కడతారని మీరు నవ్వొచ్చు. గరిటె ఆయన చేతిలో ఉందని మరిచిపోతున్నారు. పన్ను ఎగ్గొట్టినవాడికి శుక్రవారం బిర్యానీలో అన్నం మాత్రమే వచ్చేది. కోడి ఆ దారిన వెళ్ళిందన్న సూచన కూడా ఉండేది కాదు.

పేకతో ఆగితే బాగుండేది. నెల్లూరి రహమతుల్లా, మా ఎలక్ట్రీషియన్, ఒకరోజు సైటు బస్సు దగ్గర నిలబడి, "ఈ బస్సు ఇవాళ కూడా లేటే, పందెం!" అన్నాడు. వెనకాల డబ్బా గలగల.

"మాటవరసకన్నాను భాయ్!"

"మాటవరస రేటు తక్కువేలే. యల్లా, తియ్."

ఇక ఆ సొమ్ము ఖర్చుపెట్టే తీరు. మనుషులకు పైసా ఇచ్చేవాడు కాదు. సంఘాలకే ఇచ్చేవాడు. ఆ సంఘానికి లాభం ఉండకూడదు. మెస్సులో భోజనాలయ్యాక నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంటే, గ్రాంటుల కమిటీ కొలువు తీరినట్టే. అధ్యక్షుడూ ఆయనే, కార్యదర్శీ ఆయనే, సభ్యులూ ఆయనే. అందుకే ఆ కమిటీలో అభిప్రాయభేదాలు ఉండేవి కావు.

"ఏం సంఘం?"

"వాలీబాల్ సంఘం భాయ్. నెట్టు కావాలి," అన్నాడు రహమతుల్లా.

"లాభముందా?"

"మోకాళ్ళు పగలడం తప్ప ఏముంది?"

"మంజూరు. ఇంకెవురు?"

కాకినాడ వైపు తాపీమేస్త్రీ ఆదిశేషు ముందుకొచ్చాడు. "మీసాల సంఘమండీ. అద్దం, కత్తెర ఇప్పించాలండీ."

"దాంతో ఎవురికన్నా ఉపయోగముందా?"

"నిజం చెప్పాలంటే లేదండీ."

"మంజూరు."

పేపరు చదివి వినిపించే సంఘానికి పేపరొచ్చింది. అంత్యాక్షరి సంఘానికి డోలక్ వచ్చింది, దాంతో క్యాంపులో ప్రశాంతత పోయింది. భజన సంఘాన్ని మాత్రం గుమ్మంలోనే ఆపేశాడు. "దేవుడికి జూదం లెక్క పెడితే మీ దేవుడూ తిడతాడు, మా దేవుడూ తిడతాడు. జీతంలోంచి పెట్టుకోండి, పోండి."

ఈ సంక్షేమ రాజ్యం మొత్తం ఒకే స్తంభం మీద నిలబడింది. ఆ స్తంభం పేరు భోజన్న. జగిత్యాల దగ్గరి పల్లె. ఇటుకలు మోసే పని. ఏ ముక్క దించకూడదో ఆ ముక్కే దించే అరుదైన ప్రతిభ. ఇంటికెళ్ళే సెలవు వచ్చినప్పుడల్లా సెలవు జీతం రమ్మీలో పోయేది. ఉత్త చేతులతో ఊరికెలా పోతాడు? ఆగిపోయేవాడు. ఆగినందుకు బాధ కలిగి మళ్ళీ ఆడేవాడు.

"పన్ను గట్టేది నేను, నెట్టుకాడ ఎగిరేది గాళ్ళా? గిదేం నాయం భాయ్?" అని ఒకరోజు తిరగబడ్డాడు.

"నువ్వు గూడా పోయి ఎగురు. ఎవురొద్దన్నారు?"

కట్టిన పన్నుకు కసి తీర్చుకుందామని పోయి ఎగిరాడు. మనిషి ఒంటెంత పొడుగు. కొట్టిన బంతి నేలను తాకితే ఇసుక లేచేది. శుక్రవారాలు నెట్టు దగ్గరే గడవడం మొదలైంది. అంతలో ఇంటి నుంచి అతని భార్య కొమురవ్వ బాషా ఫోనుకు చేసింది. భోజన్న మాట్లాడుతుంటే ఆమె గొంతు మెస్సు అంతటికీ వినపడింది.

"ఈపాలి గిన రాకపోతివో, నీ ఫొటో సుత తీసి అవతల పెడ్త. పిల్లలు నిన్నెట్ల గుర్తువడ్తరో నువ్వే సూస్కో!"

భోజన్న పేక మానేశాడు. ఓడేవాడు లేని ఆటలో మజా లేక మిగతావాళ్ళూ లేచిపోయారు. ఒక దురలవాటు అంతరించింది కదా, అందరం సంతోషించాలి. కానీ నెట్టు చిరిగింది, పేపరు ఆగింది, కత్తెర మొద్దుబారింది. సంఘాలన్నీ అత్యవసరంగా సమావేశమై, గంభీరంగా ఆలోచించి, క్యాంపు క్షేమం కోరి భోజన్నను మళ్ళీ చెడగొట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాయి.

రాయబారం నడిపింది ఆదిశేషు. "చూడు భోజన్నా, నువ్వాడితే నష్టం నీ ఒక్కడికేనండీ. నువ్వు మానేస్తే ఎన్ని సంఘాలకో నష్టం. సేవ అనుకుని ఒక్క ఆట ఆడవయ్యా."

భోజన్నది మెత్తని గుండె. "గంతగనం అంటున్నరు గద... ఒక్కటే ఆట," అని పేకముక్కల కోసం చెయ్యి చాచాడు.

గరిటె వచ్చి ముక్కల మీద పడింది.

"ఖలాస్! ఈ మనిషి జోలికి ఎవురన్నా వస్తే కూరుండదు. మీ గ్రాంటులు మీకొస్తాయి."

"డబ్బెక్కడిది భాయ్? ఆడేవాడే లేడుగా?" అన్నాడు రహమతుల్లా.

"పందేలు నడస్తాండాయిలే. మీకెందుకు?"

నిజంగానే కొత్త నెట్టు వచ్చింది. పేపరూ వచ్చింది. మరి రహస్యంగా జూదమాడుతున్నదెవరు? కొందరు ముదీర్‌ని, అంటే మా మేనేజర్‌ని, అనుమానించారు. ముదీర్ నన్ను అనుమానించాడు. టైమ్‌కీపర్‌ని అనుమానించడం ఎవరికైనా సులువే.

ఒక మధ్యాహ్నం చాయ్ కోసం వంటగది వైపు పోతే లోపల మాటలు వినపడ్డాయి.

"ఏమప్పా హయాత్ బాషా, ఈ పొద్దు పప్పు మాడతాదా?"

"మాడదు."

"మాడతాది, పందెం!"

"సరే, పందెం!"

మూత తీసిన చప్పుడు.

"మాడలేదు. గెలిచినోడు పన్ను కట్టు. ఓడినోడు గూడా కట్టు."

తొంగి చూస్తే లోపల ఒక్కడే ఉన్నాడు. సొంత జేబులోంచి తీసి డబ్బాలో వేస్తూ నన్ను చూశాడు. దొంగతనంలో దొరికినట్టు మొహం పెట్టాడు.

"భాయ్, జూదం హరామన్నావు?"

"నాతో నేను కాస్తే జూదమెట్లవుతాది సాబ్? ఈ జేబులోది ఆ డబ్బాలోకి పోతాది, అంతే గదా."

"అంతగా అయితే ఊరికే ఇవ్వొచ్చుగా?"

"ఊరికే ఇస్తే దానమవుతాది. దానం తీసుకున్నోడు నా ముందర తల దించుకోవాల. పన్ను లెక్కయితే దబాయించి అడుగుతారు. అడగనీ." తర్వాత గొంతు తగ్గించాడు. "వాళ్ళకు నెట్టు లేకపోతే మళ్ళా ఆ భోజన్న మీద పడతారు. ఎట్లో ఒకట్ల ఊరికి పోయి పెండ్లాంబిడ్డల్ని చూసి రానీ. ఎవురికీ చెప్పొద్దు సాబ్."

చెప్పనన్నాను. రహమతుల్లాకు చెప్పేదాకా ఆ మాట మీదే నిలబడ్డాను.

తర్వాతి శుక్రవారం మెస్సు వరసలో వింతలు మొదలయ్యాయి. అందరికన్నా ముందున్న రహమతుల్లా డబ్బాలో నాణెం వేశాడు.

"ఏందిది?" అన్నాడు బాషా.

"అన్నం మెత్తబడుతుందని నాతో నేనే పందెం కాశాను భాయ్. గెలిచాను."

"మెత్తబడిందా! ఎవుర్రా అనింది?"

"కూరలో ఉప్పెక్కువని కాశానండీ," అన్నాడు ఆదిశేషు. "నేనూ గెలిచానండీ."

వెనకాల ఒకరి తర్వాత ఒకరు చారు పలచనని, ముక్క ఉడకలేదని, అప్పడం మెత్తబడిందని పందేలు గెలుస్తూ పన్ను కడుతూ వచ్చారు. డబ్బా నిండింది. హయాత్ బాషా మొహం మాత్రం కందగడ్డలా అయింది.

"నా వంట బాగుంటాదని ఒక్కడన్నా కాయలేదేందిరా!"

ఆఖరున భోజన్న నిలబడ్డాడు.

"నేను సుత నాతోని కాసిన భాయ్. ఈ నెల ఇంటికి వోతనని." జేబులోంచి విమానం టికెట్ తీసి చూపించాడు. "గెలిచిన. పన్నెంత?"

భోజన్న పందెం గెలవడం మా క్యాంపులో అంతకుముందు ఎవరూ చూడలేదు. హయాత్ బాషా డబ్బా మూత చటుక్కున మూసేశాడు. కుండ అడుగు దాకా గరిటె దించి, వెతికి వెతికి, అన్నిటికన్నా పెద్ద కోడికాలు తీసి అతని పళ్ళెంలో వేశాడు.

"దానికి పన్ను లేదు, పో. నిలబడకుండా తిను, చల్లారతాది."